పిలుపు తెలిసిన పిట్ట

అమ్మడూ, నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన కబురే రాత్రి పడుకునేదాకా మనసులో తిరిగింది. మీ కాలేజీ వాళ్లు మిమ్మల్ని మూడు వారాలు టాంజానియా తీసుకెళ్తున్నారనీ, మనిషికీ జంతువులకీ ప్రకృతికీ ఉన్న సంబంధం గురించి అక్కడే పాఠాలనీ అన్నావు. సింహాలూ ఏనుగులూ జీపులోంచే కనిపిస్తాయని ఎంత సంబరపడ్డావో! చూడు తల్లీ, కళ్లారా చూడు. కాకపోతే ఆ సంబంధం అనే మాట ఉంది చూశావూ, దాన్ని చూడాలంటే జీపు దిగాలి. దిగి ఒక పిట్ట కోసం వెతకాలి.

చూపులకి అదేమంత గొప్పగా ఉండదు. మన గోరింక కంటే కాస్త చిన్నది, మట్టి రంగు. ఇంగ్లీషులో హనీగైడ్ అంటారు, మనం తేనెదారి పిట్ట అనుకుందాం. దీనికి మైనం అంటే ప్రాణం. మైనాన్ని అరిగించుకోగల జీవులు బహు కొద్ది, అందులో ఇదొకటి. 1588లో, ఇప్పటి మొజాంబిక్‌లో ఉన్న సొఫాలా దగ్గర జోవావ్ దోస్ సాంతోస్ అనే పోర్చుగీసు పాదిరి ఉండేవాడు. చిన్న పిట్టలు గోడ సందుల్లోంచి చర్చిలోకి దూరి కొవ్వొత్తుల మైనం పొడుచుకు తినడం చూసి రాసిపెట్టాడు. ఆ పిట్టలే మనుషులకి తేనెపట్టు చూపిస్తాయనీ రాశాడు.

ఎందుకు చూపిస్తాయంటావా? పట్టు ఎక్కడుందో పిట్టకి తెలుసు. కానీ అది చెట్టు తొర్రలో ఉంటుంది, తొర్ర నిండా కుట్టే ఈగలు. పిట్ట వల్ల అయ్యే పని కాదు. మనిషికి గొడ్డలి ఉంది, పొగ పెట్టడం వచ్చు, పట్టు జాడే తెలియదు. అందుకని పిట్ట మనిషి దగ్గరికొచ్చి, అగ్గిపెట్టె ఆడించినట్టు గలగలా అరుస్తుంది. మనిషి కదిలితే నాలుగు చెట్ల అవతలికి ఎగిరి, మళ్లీ పిలుస్తుంది. అలా పట్టు దాకా తీసుకెళ్లి నోరు మూసుకుని కూర్చుంటుంది. తేనె మనిషికి, మైనమూ ఈగల పిల్లలూ పిట్టకి. ఒక్క సంగతి మరిచిపోకు. ఇది పెంపుడు పిట్ట కాదు, ఎవరూ తర్ఫీదు ఇవ్వలేదు. అడవి పిట్ట తనంతట తానే వస్తుంది.

ఈ మాట తేనె తీసేవాళ్లు ఎన్నో తరాలుగా చెబుతూనే ఉన్నారు. చదువుకున్న వాళ్లు చాలామంది కట్టుకథ అనుకున్నారు. కెన్యాకి చెందిన హుసేన్ ఐసాక్, రాయర్ అనే ఇంకో శాస్త్రజ్ఞుడితో కలిసి ఉత్తర కెన్యాలోని బోరాన్ జనంతో మూడేళ్లు తిరిగి లెక్కలు కట్టాడు. పిట్ట లేకుండా ఒక పట్టు దొరకాలంటే సగటున 8.9 గంటలు పట్టింది. పిట్ట దారి చూపితే 3.2 గంటలే. పట్టు ఏ దిక్కున ఉందో, ఎంత దూరమో పిట్ట వాలకాన్ని బట్టి చెప్పేస్తామని బోరాన్ వాళ్లు అంటే, అదీ కొలిచి చూశారు. నిజమే అని తేలింది. 1989లో ఆ వ్యాసం సైన్స్ పత్రికలో వచ్చింది.

ఆ ఐసాక్ ఒకసారి కేప్‌టౌన్‌లో ప్రసంగిస్తుంటే పదకొండేళ్ల పిల్ల ఒకతె కూర్చుని విన్నది. పేరు క్లెయిర్ స్పాటిస్‌వుడ్. పెద్దయ్యాక ఆమే మొజాంబిక్‌లోని నియాసా అడవులకి వెళ్లింది. అక్కడి యావ్ జనం పిట్టని పిలవడానికి గొంతులో దరువు వేసినట్టు "బ్ర్ర్ర్" అని, చివర "హ్మ్" అని మూలుగుతారు. ఎందుకలా అంటే, మా నాన్న నేర్పాడు అంటారు. స్పాటిస్‌వుడ్ ఆ పిలుపు వినిపిస్తూ కొన్నిసార్లు, ఊరికే మనుషుల మాటలు వినిపిస్తూ కొన్నిసార్లు, గువ్వ కూత వినిపిస్తూ కొన్నిసార్లు అడవిలో నడిచింది. మామూలు చప్పుళ్లకి నూటికి 33 సార్లు దారి చూపిన పిట్ట, ఆ పిలుపుకి 66 సార్లు చూపింది. పట్టు దాకా చేరే అవకాశం 16 నుంచి 54 శాతానికి పెరిగింది. అంటే పిట్టకి పిలుపు అర్థమవుతోందన్నమాట. ఇది 2016 నాటి మాట.

ఇప్పుడు నన్ను కుదురుగా కూర్చోనివ్వని సంగతి చెబుతాను విను. మన కోయిల కాకి గూట్లో గుడ్లు పెట్టినట్టే, తేనెదారి పిట్ట కూడా పసరిక పిట్టల వంటివాటి గూళ్లలో గుడ్లు పెట్టి పోతుంది. దాని పిల్ల ముక్కు చివర కొక్కేలు ఉంటాయి. కళ్లయినా తెరవకముందే ఆ చీకటి బొరియలో తోటి పిల్లల్ని పొడిచి చంపేస్తుంది. తర్వాత పసరిక పిట్ట పెంపకంలో పెరుగుతుంది. తల్లిని ఎరగదు, తండ్రిని ఎరగదు. మరి మనిషికి దారి చూపాలని దానికెవరు చెప్పారు? ఆ బుద్ధి పుట్టుకతోనే వస్తుందని అనుకోవాలి. పోనీ పిలుపూ పుట్టుకతోనే తెలుసనుకుందామా? 2023లో స్పాటిస్‌వుడ్, బ్రయన్ వుడ్ కలిసి ఒక పని చేశారు. మీరు వెళ్లే టాంజానియాలో హాద్జా జనం పిట్టని ఈలపాటతో పిలుస్తారు. ఆ ఈలని మొజాంబిక్ పిట్టకీ, యావ్ వాళ్ల "బ్ర్ర్ర్-హ్మ్"ని టాంజానియా పిట్టకీ వినిపించారు. ఏ పిట్టయినా తన ఊరి పిలుపుకే ఎక్కువగా పలికింది, టాంజానియా పిట్ట మూడింతలకి పైగా, మొజాంబిక్ పిట్ట దాదాపు రెండింతలు! అంటే పిలుపు మాత్రం నేర్చుకున్నదే. ఊరి మనుషుల్ని చూసి, ఏ చప్పుడు వెంట వెళితే మైనం దొరుకుతుందో కనిపెట్టింది. ఇటు ఆ ఊరి పిల్లవాడు తండ్రి దగ్గర నేర్చుకున్నదీ ఆ చప్పుడే.

అందరూ పిట్టతో ఒకేలా ఉండరు సుమా. యావ్ వాళ్లు మైనపు ముక్కలు ఏరి ఆకుల మీద పెట్టి పిట్టకి వదులుతారు. హాద్జా వాళ్లు ఒక్కోసారి మైనాన్ని కాల్చేస్తారు, పాతిపెడతారు. కడుపు నిండితే పిట్ట ఇంకో పట్టు చూపించదని. నువ్వు అది చూసి మనసు కష్టపెట్టుకోకు. వాళ్లు పంట వేయరు, వేటా తేనే దుంపలూ వాళ్ల తిండి. మనం గోల్కొండ నయాఖిలాలో లోపలికి దూరి చూశాం గుర్తుందా, బ్రహ్మాండమైన ఆ ఏనుగు చెట్టు? ఆ జాతి చెట్లకి కర్ర మేకులు కొట్టుకుంటూ పైకెక్కి తేనె తీస్తారు. మన నల్లమలలో చెంచులు కొండ చరియల మీంచి తాళ్లతో దిగి తేనె తీసే పనికి ఇది ఏమాత్రం తీసిపోదు. చెంచులకి దారి చూపే పిట్ట మాత్రం లేదు. ఈ కుటుంబంలోదే ఒకటి మన హిమాలయాల్లో ఉంది. అదీ మైనం తింటుంది కానీ మనిషిని పిలవదు.

ఆఫ్రికాలో కూడా, పంచదార కొట్లలో దొరికి, కుర్రాళ్లు తేనెకి వెళ్లడం మానేసిన చోట్ల పిట్ట పిలవడం తగ్గిపోతోంది. పిట్టలు అక్కడే ఉన్నాయి. పిలిచేవాళ్లు లేరు, వెంట నడిచేవాళ్లు లేరు. అది తలుచుకుంటే నాకు దిగులేస్తుందమ్మా.

నువ్వు ఎయాసీ సరస్సు వైపు వెళితే, హాద్జా ఇళ్లకి ఫోటోల కోసం వెళ్లినట్టు వెళ్లకు. ఎవరైనా పెద్దాయన తేనెకి బయల్దేరుతుంటే, నీ టీచరమ్మని అడిగి, ఆయన సరేనంటేనే వెనక నడువు. ఆ ఈల ఎక్కడ ఎత్తుకుంటాడో, ఎక్కడ ఆపి చెవి పెడతాడో గమనించు. యావ్ వాళ్ల పిలుపు అక్కడ ప్రయత్నించకు, ఆ పిట్టకి అది పరాయి ఊరి మాట. తేనె తీశాక పిల్ల పురుగులతో సహా తెట్టె ముక్క చేతిలో పెడతారు. మొహం తిప్పుకోకు తల్లీ, తిని ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు.