రీల్ దగ్గర ఆగితే ఇష్టమున్నట్టేనా?

రాత్రి పన్నెండింటికి ఒక యాక్సిడెంట్ వీడియో దగ్గర పది సెకన్లు ఆగిపోయారు. ఇష్టంతో కాదు, షాక్‌తో. పొద్దున లేచి చూస్తే ఫీడ్ నిండా యాక్సిడెంట్లే. ఎందుకిలా? ఈరోజు అదే చూద్దాం.

ముందు ఒక ప్రయోగం చెప్తాను. 1995లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనే సైకాలజిస్ట్ 18 నెలల పిల్లలకి ఒక సీన్ చూపించారు. ఒక పెద్దాయన బొమ్మ డంబెల్‌ని ఊడదీయబోతాడు, చెయ్యి జారిపోతుంది. పిల్లలు ఆ జారడాన్ని కాపీ కొట్టలేదు. చాలామంది డంబెల్ తీసుకుని ఊడదీసేశారు! చేసిన పని కాదు, చేయాలనుకున్న పని ఏంటో పట్టేశారన్నమాట.

మరి యాప్? దానికి మీ మొహం కనిపించదు. మీరు ఎంతసేపు ఆగారు, ఏం నొక్కారు, అంతే. దాన్నిబట్టి లెక్క వేస్తుంది.

ఆ లెక్క మనమూ వేద్దాం. 100 మందిలో 20 మందికి అలాంటి వీడియోలు ఇష్టం అనుకుందాం. వాళ్లలో 16 మంది ఆగారు. ఇష్టం లేని 80 మందిలో కూడా 24 మంది ఆగారు: షాక్‌తోనో, ఫోన్ పక్కన పెట్టేసో. మొత్తం ఆగింది 40 మంది, నిజంగా ఇష్టమున్నది 16 మందికే. అంటే ఒక్కసారి ఆగితే ఇష్టమనడానికి ఛాన్స్ 40 శాతమే. ఇదే పద్ధతిలో మూడుసార్లు ఆగితే 80 శాతం దాటిపోతుంది.

ఇక్కడే అసలు తిరకాసు. ఆ మూడుసార్లూ వేర్వేరు కారణాలతో ఆగి ఉంటేనే ఈ లెక్క కరెక్ట్. మీరు నిద్రపోయాక ఆటోప్లేలో మూడు వీడియోలు నడిచాయనుకోండి. అవి మూడు సాక్ష్యాలు కావు, ఒక్క నిద్ర! మనసు బాగోలేని రాత్రి చూసిన ఏడుపు వీడియోలైనా అంతే. ఆ ఒక్క రాత్రిని యాప్ మీ ఇష్టం అనుకుంటే, మర్నాడు కూడా ఏడుపే చూపిస్తుంది. మీరు మళ్లీ ఆగుతారు. దాని తప్పు ఊహే దానికి రుజువైపోతుంది.

అందుకే ఊరికే స్క్రోల్ చేసి వదిలేయకండి. 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కండి. ఆగడానికి వంద కారణాలుంటాయి, ఆ బటన్ నొక్కడానికి దాదాపు ఒకటే.

ఇంకో మాట. ఫ్రెండ్ మెసేజ్ చూసి రిప్లై ఇవ్వలేదా? కోపమే అని ఫిక్స్ అయిపోకండి. అదీ ఒక్క సాక్ష్యమే. ఒకసారి ఫోన్ చేసి అడిగేయండి. సరే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!