కేకలు వేసేవాళ్లదే సగం కుస్తీ

వేసవిలో అండమాన్‌లో పొద్దు అయిదింటికల్లా పొడుస్తుంది. భారతదేశపు గడియారాన్ని నడిపే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. గడియారం రెండుచోట్లా ఒకటే అయినా పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌లో సూర్యుడు కాకినాడ కన్నా దాదాపు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. అమెరికా తూర్పు తీరంలో సోమవారం రాత్రి ఎనిమిదికి మొదలయ్యే టీవీ రెజ్లింగు కార్యక్రమం ‘మండే నైట్ రా’ మన దేశంలో మంగళవారం పొద్దున అయిదున్నరకు పడుతుంది. అక్కడ చలికాలమైతే ఆరున్నరకు. వేసవిలో ఆ వేళకు కాకినాడలో అప్పుడప్పుడే వెలుతురు వస్తుంటే, గోల్ ఘర్ డాబాల మీద ఎండ పడి అరగంట అయిపోతుంది.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ ఊళ్లో తెలుగు కొత్త భాష కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 13 శాతానికి పైగా జనానికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాత స్థానం మనదే. వీరిలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ ఇక్కడి అలవాటు. అందుకే టీవీ రెజ్లింగుకు హిందీ వ్యాఖ్యానం వచ్చినప్పుడు కోస్తా జిల్లాల పిల్లల్లా ఇక్కడి తెలుగు పిల్లలు తడుముకోవలసిన పని లేకపోయింది. తెలుగు వ్యాఖ్యానం చాలా ఆలస్యంగా వచ్చింది. 2021లో తమిళ, తెలుగు ప్రేక్షకుల కోసం సోనీ టెన్ 4 మొదలయ్యాకే అది వినబడింది.

అసలు ఈ రెజ్లింగు పిచ్చి తెలుగిళ్లలోకి వచ్చింది తొంభైలలో, కేబుల్ టీవీతో పాటు. ఆ ఆటలు నడిపే కంపెనీ పేరు అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్. అదే పొట్టి పేరున్న వన్యప్రాణి సంరక్షణ సంస్థ కోర్టుకెక్కి గెలవడంతో 2002 మేలో డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. ఆటను టీవీలో చూసినవాళ్ల కన్నా ట్రంప్ కార్డుల్లో చూసినవాళ్లే ఎక్కువేమో! ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు చెప్పి ఎదుటివాడి కార్డు గుంజుకోవడం బడి ఇంటర్వెల్‌లో పెద్ద యుద్ధం. 1990 నవంబరులో ఆ తెర మీదికొచ్చిన అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని దేశమంతా పిల్లలు ఒట్టేసి చెప్పుకున్నారు. 1996లో అక్షయ్ కుమార్ సినిమా ‘ఖిలాడియోం కా ఖిలాడీ’లో అండర్‌టేకర్ కనబడితే నిజంగా అతనే వచ్చాడనుకున్నారు. ఆ వేషం వేసింది బ్రయన్ లీ అనే మరో రెజ్లర్.

“అదంతా నాటకంరా” అన్న మాట వినకుండా పెరిగిన రెజ్లింగ్ అభిమాని తెలుగునాట ఉండడు. మామయ్యో, ట్యూషను మాస్టారో ఎవరో ఒకరు అనేవుంటారు. మాట నిజమే. ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు. ఈ సంగతి కంపెనీయే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేటు ముందు ఒప్పుకుంది. క్రీడ అని ఉంటే రాష్ట్ర క్రీడా సంఘం నియమాలు, రుసుములు వర్తిస్తాయి. వినోదం అంటే తప్పుతాయి.

నాటకమే అయినా దెబ్బ నాటకం కాదు. రింగు ఇరవై అడుగుల చదరం. ఉక్కు దూలాల మీద చెక్క పలకలు, వాటి మీద పలచటి మెత్త, ఆపైన కాన్వాస్. కొంచెం ఊగుతుంది, పడితే పెద్ద మోత మోగుతుంది, కానీ అది పరుపు కాదు. పడేవాడు గడ్డం ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి తగిలేలా, చేతులు పక్కలకు చరుస్తూ పడాలి. ఇది నేర్చుకోవడానికే నెలలు పడుతుంది. ఇక అరచేత్తో ఛాతీ మీద చరిచే దెబ్బను దాచడానికి వీల్లేదు. ఆస్ట్రియాకు చెందిన గుంథర్ ఆ దెబ్బ వేస్తే ఎదుటివాడి ఛాతీ మీద అయిదు వేళ్లూ ఎర్రగా తేలతాయి. ఆట ముగిసేసరికి చర్మం కమిలిపోతుంది. 2022 మార్చి 11న ‘స్మాక్‌డౌన్’ కార్యక్రమంలో బిగ్ ఈ అనే రెజ్లర్ రింగు బయట తలకిందులుగా పడి మెడ ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. స్ట్రెచర్ మీద పోతూ బొటనవేలు పైకెత్తి చూపించాడు. అప్పటిదాకా అరుస్తున్న జనం అతని కోసం చప్పట్లు కొట్టారు. ఏది ఆట, ఏది ఆపద అన్నది ఆ జనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాటకమని తెలిసీ ఎందుకు అరుస్తారు? చిత్తూరు జిల్లా పల్లెల్లో పుట్టినవాళ్లకు ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. అక్కడ ధర్మరాజు గుళ్ల దగ్గర జరిగే మహాభారత తిరునాళ్లలో చివరి ఘట్టాల్లో ఒకటి దుర్యోధన వధ. నేల మీద మట్టితో భారీ దుర్యోధనుడి బొమ్మను పడుకోబెట్టినట్టు కడతారు. భీముడి వేషగాడు, దుర్యోధనుడి వేషగాడు దాని చుట్టూ, దాని మీదికెక్కీ గదలు పట్టుకుని తిరుగుతారు. తొడ పగిలేదాకా చూస్తున్నవాళ్లు ఊరుకోరు. ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని దుర్యోధనుణ్ని తరిమి కొడతారు. ఆ వేషం వేసినవాడు ఎవరింటివాడో కొట్టేవాళ్లకు తెలుసు. గెలుపెవరిదో వ్యాసుడి కాలం నుంచీ తెలుసు. అయినా ఆ చీపురు దెబ్బ లేకపోతే వధ పూర్తి కాదు. వేషగాడు ఒంటి మీద దెబ్బ తింటేనే ఊరికి తృప్తి, వాడికి గౌరవం.

టీవీ రెజ్లింగులో చెడ్డవాడి వేషానికి ‘హీల్’ అని పేరు, మంచివాడికి ‘ఫేస్’. హీల్ పని తిట్లు తినడం. హాల్లో జనం ఛీ కొడితే వాడు ఆ రాత్రి జీతానికి న్యాయం చేసినట్టే. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మౌనంగా ఉన్నారంటే అదే అన్నిటికన్నా పెద్ద ఓటమి. దుర్యోధన వధకూ దీనికీ తేడా ఒక్కటి: వ్యాసుడు రాసింది మారదు, రెజ్లింగు కథ మారుతుంది. దాన్ని మార్చేది జనమే.

ఇందుకు 2014 కన్నా మంచి సాక్ష్యం దొరకదు. డేనియల్ బ్రయన్ అనే పొట్టివాడు, గడ్డంవాడు, చూపుడువేళ్లు రెండూ పైకెత్తి “యస్! యస్!” అనిపించేవాడు. జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. కంపెనీకి మాత్రం అతను పై మెట్టు మీద కూర్చునే ఆకారంగా కనబడలేదు. ఆ ఏడాది జనవరి 26న పిట్స్‌బర్గ్‌లో ‘రాయల్ రంబుల్’ జరిగింది. ముప్ఫై మంది ఒకరి తర్వాత ఒకరు రింగులోకి దిగే ఆట అది. ముప్ఫయ్యోవాడిగా బ్రయన్ వస్తాడని అంతా ఊపిరి బిగబట్టారు. వచ్చింది రే మిస్టీరియో. ఎన్నో ఏళ్లుగా పిల్లల గుండెల్లో ఉన్న మిస్టీరియోను ఆ రాత్రి హాలంతా ఛీ కొట్టింది. అతను చేసిన పాపం బ్రయన్ కాకపోవడమే. గెలిచిన బాటిస్టాకూ అదే గతి పట్టింది. అతను తిరిగొచ్చింది మంచివాడి వేషంలో, జనం ఒప్పుకోలేదు. రెండు నెలల్లో కథ తిరగబడింది. ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్‌లో, కంపెనీ ఏటా జరిపే పెద్ద పండుగ ‘రెసిల్‌మేనియా’ చివరి ఆటలో బాటిస్టా చేతనే ఓటమి ఒప్పించి బ్రయన్ బెల్టు ఎత్తాడు.

అదే రాత్రి ఇంకో సంగతి జరిగింది. ఆ వేదిక మీద 21 సార్లు గెలిచి ఒక్కసారీ ఓడని అండర్‌టేకర్‌ను బ్రాక్ లెస్నర్ ఓడించాడు. స్టేడియం మూగబోయింది. నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసి తల పట్టుకున్న ప్రేక్షకుడొకరి ముఖం కెమెరాకు దొరికి ప్రపంచమంతా తిరిగింది. ఆంధ్రాలో, తెలంగాణలో ఆ బొమ్మను వాట్సాప్‌లో పంపుకున్నవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఏడు చావుల కథను ఒట్టేసి చెప్పినవాళ్లే.

ఆడవాళ్ల రెజ్లింగు మారింది కూడా ఇలాగే. 2015 ఫిబ్రవరి 23న ‘రా’లో నలుగురు అమ్మాయిల ఆటను అర నిమిషంలో ముగించి పంపేశారు. చూస్తున్నవాళ్లకు ఒళ్లు మండింది. వాళ్లకు అవకాశం ఇవ్వండి అన్న హ్యాష్‌ట్యాగ్ ట్విట్టర్‌లో రోజుల తరబడి నడిచింది. యజమాని విన్స్ మెక్‌మహన్ విన్నామని జవాబు ఇవ్వక తప్పలేదు. జులైలో షార్లెట్, బెకీ లించ్, సాషా బ్యాంక్స్ ప్రధాన తెర మీదికొచ్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ‘దివా’ అన్న పేరున్న బెల్టు పోయి మహిళా చాంపియన్‌షిప్ వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు, 2019లో, రెసిల్‌మేనియా ఆఖరి ఆట ఆడవాళ్లదే అయింది. తెలుగిళ్లలో అన్నల పక్కన కూర్చుని రెజ్లింగ్ చూసిన ఆడపిల్లలు తక్కువేం కాదు. ఈ మార్పు వాళ్లకు దక్కవలసిన బాకీ.

జనం లేకపోతే ఏమవుతుందో 2020 చూపించింది. కరోనాతో మార్చి 13 నుంచి ఆటలు ఓర్లాండోలోని శిక్షణ కేంద్రంలో ఖాళీ కుర్చీల ముందు జరిగాయి. కాన్వాస్ మీద పడ్డ చప్పుడు, ఆయాసం, రిఫరీ లెక్క తప్ప ఏమీ వినబడేది కాదు. అప్పటిదాకా మైమరచి చూసినవాళ్లకు మొదటిసారి అది నిజంగా నాటకంలా కనబడింది. ఆగస్టు నుంచి ఇళ్లలో కూర్చున్న అభిమానుల ముఖాలను రింగు చుట్టూ తెరల మీద వేశారు. 2021 గణతంత్ర దినాన మన దేశం కోసం వేసిన ‘సూపర్‌స్టార్ స్పెక్టకిల్’ కూడా ఫ్లోరిడాలో అలాంటి తెరల మధ్య తీసిందే. వారంవారం ఆటలకు అసలు జనం తిరిగి వచ్చింది 2021 జులైలో.

అండమాన్ తెలుగువాళ్లకు ఈ కబుర్లన్నీ అందరితో పాటు అందేవి కావు. టీవీ బొమ్మకు ఉపగ్రహం చాలు కాబట్టి ఆట కనబడేది. ఇంటర్నెట్ కూడా ఉపగ్రహం మీదే ఆధారపడటంతో ఆటను గురించిన గొడవ మాత్రం ఈదుకుంటూ వచ్చేది. ఒక చిన్న వీడియో తెరుచుకోవడమే గగనం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యాకే పరిస్థితి మారింది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు లిటిల్ అండమాన్, కార్ నికోబార్, రంగత్ వంటి చోట్లకూ అది చేరింది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో డబ్ల్యూడబ్ల్యూఈ సోనీ టీవీని వదిలి నెట్‌ఫ్లిక్స్‌కు మారింది. ఆ కేబులే లేకపోతే గోల్ ఘర్ అభిమానికి ఆట పూర్తిగా దూరమైపోయేది. ఇప్పుడు దానికి విడిగా డబ్బు కట్టి చూడాలి. ఇంటిల్లిపాదీ ఒక్క టీవీ ముందు చేరే అలవాటు పోయి ఎవరి ఫోన్ వాళ్లదయింది. ఇది మంచి మార్పని చెప్పలేం.

మనవాడు బెల్టు గెలిస్తే వచ్చే ఊపు వేరు. హిమాచల్‌కు చెందిన దలీప్ సింగ్ రాణా, అదే గ్రేట్ ఖలీ, 2006 ఏప్రిల్‌లో స్మాక్‌డౌన్‌లో అడుగుపెట్టి వస్తూనే అండర్‌టేకర్‌ను కూలదోశాడు. 2007 జులైలో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అమెరికాలో అతని వేషం భయంకరుడిది. ఇక్కడ అతను మొదటి రోజు నుంచీ మనవాడే. 2017 మేలో రాండీ ఆర్టన్‌ను ఓడించిన జిందర్ మహల్ కెనడాలో పుట్టిన పంజాబీ. అక్కడ అతనికి ఛీత్కారాలు, ఇక్కడ కొందరికి గర్వం.

తెలుగు నేల తన గొంతు స్వయంగా వినిపించింది 2023 సెప్టెంబరు 8న. హైదరాబాద్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో సూపర్‌స్టార్ స్పెక్టకిల్ జరిగింది. 2017 తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ మన దేశానికి రావడం అదే. అక్కడ ఆడిన ఇండస్ షేర్ జట్టులోని సంగా అసలు పేరు సౌరవ్ గుర్జర్. స్టార్ ప్లస్ ‘మహాభారత్’లో భీముడు అతనే. అతని జోడీ వీర్, అంటే ఉత్తరప్రదేశ్ కుర్రాడు రింకూ సింగ్, అంతకు ముందు అమెరికాలో బేస్‌బాల్ బంతులు విసిరినవాడు. జాన్ సీనా భారత గడ్డ మీద కుస్తీ పట్టడం అదే మొదటిసారి. అతని రాకను చెప్పే పాటలో ట్రంపెట్ మోగగానే హాలు దద్దరిల్లింది. సెత్ రోలిన్స్‌తో కలిసి ఇంపీరియం జట్టుతో తలపడ్డాడు. ముఖం ముందు అరచెయ్యి ఊపే అతని సైగను రెండు దశాబ్దాలుగా తెలుగు బడిపిల్లలు ఒకరి మీద ఒకరు వేసుకుంటూనే ఉన్నారు.

ఆ రాత్రి ఆటల్లో గుంథర్ కూడా ఉన్నాడు. ఇంటర్‌కాంటినెంటల్ చాంపియన్‌గా మన దేశపు రెజ్లర్ షాంకీ మీద బెల్టు కాపాడుకున్నాడు. ఆ బెల్టును అతను 666 రోజులు వదల్లేదు. ఎవరి రికార్డూ దాని దరిదాపుల్లో లేదు.

2025 డిసెంబరు 13న వాషింగ్టన్‌లో సీనా ఆఖరి ఆట ఆడాడు. ఎదురుగా గుంథర్. వెళ్లిపోయేవాడు రాబోయేవాడి చేతిలో ఓడి వెళ్లడం ఈ వృత్తిలో పాత మర్యాద. సీనా దాన్ని పాటించాడు. గుంథర్ మెడ బిగించి పట్టుకున్నాడు, విడిపించుకోవడానికి సీనా పెనుగులాడాడు, చివరికి చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఎంతో కాలంగా ఓటమికి చెయ్యి తట్టని మనిషి తట్టేసరికి హాలు భరించలేకపోయింది. కథ నడిపే ట్రిపుల్ హెచ్ మీద కేకలు వేసింది. మన దేశంలో అప్పటికి ఆదివారం పొద్దున. తెలుగు అభిమానుల్లోనూ ఇలా పంపడం అన్యాయమన్నవాళ్లున్నారు, ఇదే సరైన సాగనంపు అన్నవాళ్లున్నారు. కోపం మాత్రం గుంథర్ మీదే మిగిలింది. గచ్చిబౌలిలో షాంకీని ఓడించిన నాటికి సగం మందికి పేరు కూడా సరిగా తెలియని మనిషిని, ఇప్పుడు ఏ ఊళ్లో రింగెక్కినా జనం ఛీ కొడుతున్నారు.