మొత్తం వెనుక పద్దు

లెక్కల్లో మొత్తమనేది పెద్దమనిషి వంటిది. నలుగురిలో గంభీరంగా కూర్చుంటుంది. తన పుట్టుపూర్వోత్తరాలు తనంతట తాను చెప్పదు. అడిగితేనే చెబుతుంది. అడిగే దారి మూసివేస్తే ఎన్నటికీ చెప్పదు.

ఈ సంగతి మన వర్తకులకు కంప్యూటరు పుట్టక మునుపే తెలుసు. ఏనాటి లావాదేవీ ఆనాడు చిట్టాలో ఎక్కేది. అక్కడి నుంచి ఆవర్జాలో ఎవరి ఖాతా కిందికి వారిది చేరేది. సంవత్సరాంతాన ఖాతాదారు వచ్చి, "నా పేర ఇంత బాకీ ఎలా తేలిందయ్యా?" అని నిలదీస్తే, గుమాస్తా ఆవర్జాలోని తేదీ పట్టుకుని చిట్టా తిరగవేసి ఆ పద్దు చూపించేవాడు. రెవెన్యూ లెక్కల తీరూ అదే. కరణం అడంగలులో సర్వే నంబరు వారీగా రాసిన వివరాలు గ్రామం మొత్తమై, తాలూకా మొత్తమై, జిల్లా కచేరీకి చేరేవి. జమాబందీ నాడు పై అధికారి ఎదుట గ్రామ లెక్కలు విప్పవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. కాని మొత్తం నుంచి పద్దుకు దిగి రావలసిన అవసరం రద్దు కాలేదు. కంప్యూటర్ల కాలంలో అది మరింత పెరిగింది.

ఎలాగో చూద్దాం. ఒక బట్టల వర్తకునికి గుంటూరు, రాజమండ్రి, వరంగల్లులలో దుకాణాలున్నాయనుకోండి. ప్రతి అమ్మకమూ కంప్యూటరులో ఒక పద్దు. ఏడాది తిరిగేసరికి లక్షల పద్దులు. "దసరా నెలలో గుంటూరులో పట్టుచీరలు ఎంతకు అమ్ముడుపోయాయి?" అని యజమాని అడిగిన ప్రతిసారీ ఆ లక్షలన్నీ కూడుతూ కూర్చుంటే పని సాగదు. అందుకని ముందే కూడి సిద్ధంగా ఉంచుతారు. సరుకు ఒక వైపు, ఊరు ఒక వైపు, నెల ఒక వైపు పెట్టి, ఒక పెద్ద పెట్టెను గళ్లుగళ్లుగా విభజించినట్టు ఊహించండి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మొత్తం. దీనినే డేటా క్యూబ్ అంటారు. కొలతలు మూడే ఉండాలని లేదు. మూడైతే మొత్తాలను 8 విధాలుగా కట్టవచ్చు. పదైతే 1,024 విధాలుగా కట్టవచ్చు.

సమాచారాన్ని పట్టికలుగా అమర్చే సిద్ధాంతాన్ని 1970లో ప్రకటించిన ఇ. ఎఫ్. కాడ్, 1993లో ఈ తరహా విశ్లేషణకు 'ఓలాప్' అనే పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. 1996లో జిమ్ గ్రే, ఆయన సహచరులు ఈ క్యూబును కట్టడాన్ని డేటాబేసు భాషలోనే ఒక ఆజ్ఞగా చేర్చవచ్చునని చూపించారు.

ఈ పెట్టెలో కిందికి దిగడానికి రెండు రకాల మెట్లున్నాయి. సంవత్సరం నుంచి నెలకు, నెల నుంచి రోజుకు దిగడం మొదటిది. దీనిని డ్రిల్ డౌన్ అంటారు. ఎంత దిగినా ఇక్కడ కనిపించేది మొత్తమే, కాకపోతే చిన్న మొత్తం. రెండవది పెట్టె అడుగు దాటి, అసలు పద్దులున్న చోటికే పోవడం. ఇది డ్రిల్ త్రూ. గుమాస్తా ఆవర్జా మూసి చిట్టా తెరవడం వంటిదన్నమాట. ఫలానా రోజున, ఫలానా బిల్లు మీద, ఫలానా చీర అని అప్పుడు తెలుస్తుంది.

చెప్పినంత సులభం కాదు సుమా! క్యూబు నిన్న రాత్రి కట్టినదైతే, పద్దులు ఈ ఉదయం కూడా మారి ఉండవచ్చు. రెంటికీ పొంతన కుదరదు. స్థలం కలిసివస్తుందని నెల మొత్తాలు మాత్రమే దాచి పద్దులు పారేస్తే, ఇక దిగడానికి నేలే ఉండదు. అన్నిటికీ మించిన చిక్కు మరొకటి ఉన్నది. పద్దులు ఉన్నా, వాటిని చూసే అధికారం ఎవరిది?

ఈ ప్రశ్నకు సరైన జవాబు లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ దేశపు తపాలా శాఖ కథ చెబుతుంది. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసులలో 'హొరైజన్' అనే కంప్యూటరు లెక్కల పద్ధతి ప్రవేశపెట్టారు. ఊళ్లలో చిన్న పోస్టాఫీసులు నడిపే సబ్ పోస్టుమాస్టర్లకు లెక్కలో తరుగు కనిపించసాగింది. తరుగును వారే భరించాలన్నారు. కొంతకాలపు పద్దుల జాబితాలు వారికి దొరికేవి కాని, సంపూర్ణమైన పద్దుల భాండాగారం ఫుజిట్సు కంపెనీ చేతిలో ఉండేది. ఉన్న ఇల్లు అమ్మి కట్టినవారున్నారు; జైలుకు పోయినవారున్నారు. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి.

2015లో స్కాట్లండులోని డాల్‌మెల్లింగ్‌టన్ అనే ఊళ్లో జరిగినది చూడండి. 8,000 పౌండ్ల నగదు జమ చేయడానికి మీట నొక్కితే తెర కదలలేదు. మళ్లీ మళ్లీ నొక్కారు. నొక్కినప్పుడల్లా కంప్యూటరు కొత్తగా జమ రాసుకుంటూ పోయింది. 8,000 కాస్తా 32,000 అయింది. 24,000 తరుగు తేలింది. మొత్తం మాత్రమే చూసినవాడు "సొమ్ము కాజేశారు" అంటాడు. పద్దులు చూసినవాడికి ఒకే పద్దు నాలుగుసార్లు పడిన సంగతి కంటికి కనిపిస్తుంది. అంకె ఒకటే; తీర్పులు రెండు!

555 మంది కలిసి వేసిన దావాలో 2019 డిసెంబరు 16న జస్టిస్ ఫ్రేజర్ తీర్పు ఇచ్చారు. హొరైజన్‌లో లోపాలున్నాయనీ, వాటివల్ల శాఖల లెక్కలు తప్పాయనీ తేల్చారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఒకేనాడు 39 మంది శిక్షలు కొట్టివేసింది. 2024లో పార్లమెంటు చట్టమే చేసి తక్కినవారి మీది మచ్చను చాలావరకు తుడిచింది. ఈ అన్యాయానికి కారణం పద్దులు దొరకకపోవడం ఒక్కటే కాదు. నిజం తెలిసీ దాచినవారున్నారు, యంత్రం తప్పు చేయదని నమ్మినవారున్నారు. కాని ఆ నమ్మకాన్ని ప్రశ్నించడానికి సబ్ పోస్టుమాస్టరు చేతిలో ఉండవలసిన ఆయుధం పద్దే. అదే ఆయన చేతికి అందలేదు.

కనుక క్యూబులు కట్టే నిపుణులు మెట్లు పైకి ఎక్కడానికే కాక కిందికి దిగడానికీ కట్టాలి. ఆ మెట్ల తలుపు తాళంచెవి, లెక్కకు జవాబుదారీ వహించేవాని చేతిలో కూడా ఉండాలి. మనబోటి వాళ్లం చేయగలిగినదీ ఒకటున్నది. ఏ యంత్రమైనా మన పేర బాకీ చూపితే, కంగారుపడి చెల్లించడానికి ముందు మన తాతలు గుమాస్తాను అడిగిన ప్రశ్నే అడగాలి: "చిట్టా తియ్యండి, పద్దు చూపించండి."