చుక్క పోయినా చేపపేను పోదు

పోయిన సంక్రాంతికి మా యింటికి గాజుతొట్టె వచ్చింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో నాలుగు బంగారు చేపలు. మా చిన్నమ్మాయి వాటికి పేర్లు కూడా పెట్టింది. రెండు వారాలు హాయిగా గడిచినవి. ఆ తర్వాత ఒక ఆదివారం మరొక చేపను కొని తెచ్చి, సంచీలోని నీళ్ళతో సహా తొట్టెలో వదిలాను.

ఐదోనాడు తెల్లవారుతూనే అమ్మాయి నన్ను లేపింది.

"నాన్నా, చేపల మీద ఎవరో బొంబాయి రవ్వ చల్లారు!"

వెళ్ళి చూద్దును గదా, రెక్కల మీదా తోకల మీదా తెల్లని చుక్కలు! చేపలు అడుగున వున్న గులకరాళ్ళకు వొళ్ళు రుద్దుకుంటున్నవి. మా అమ్మ వచ్చి చూచి, "వీధిలో పిల్లలంతా ఎగబడి చూస్తూంటే దిష్టి తగలదుట్రా?" అని, గుప్పెడు ఉప్పు తొట్టె చుట్టూ తిప్పి పెరట్లో పారవేసింది.

నేను దుకాణంలో ఇచ్చిన నీలిమందు వేశాను. మూడోనాటికి చుక్కలు మాయమైనవి. హమ్మయ్య అనుకుని మందు మానేశాను. మరి నాలుగు రోజులకు చుక్కలు ఇంతకింతగా తిరిగి వచ్చినవి. ఐదింటిలో మూడు చేపలు దక్కలేదు. ఆ పూట అమ్మాయి అన్నం ముట్టలేదు.

నా పొరపాటు ఎక్కడ వుందో తెలుసుకోవాలంటే ఆ చుక్కల కథ తెలియాలి. ఈ జబ్బుకు కారణం ఒకే ఒక్క కణంతో బ్రతికే పరాన్నజీవి. 1876లో ఫూకే అనే శాస్త్రవేత్త దీనికి ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్ అని నామకరణం చేశాడు. పేరు నోరు తిరగకపోయినా, అర్థం తేలికే: బహుసంతానం గల చేపపేను!

ఇది నిజంగా పేను కాదు. కాని పిల్లల తలలు దువ్వే తల్లులకు దీని తంత్రం ఇట్టే బోధపడుతుంది. పేలు మాత్రం దువ్వి, ఈపులను వదిలేస్తే ఏమవుతుంది? వారం తిరగకుండా మళ్ళీ తల గోక్కోవలసిందే. ఇక్కడా అంతే.

మనకు కనిపించే చుక్క, చేప పైచర్మం క్రింద దాగి మేస్తున్న జీవి. చర్మమే దానికి గొడుగు. అందుకని నీళ్ళలో వేసిన మందు దానికి తగలదు. కడుపు నిండగానే అది చేపను వదిలి అడుగుకు దిగి, రాళ్ళనో మొక్కలనో అంటిపెట్టుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. చుక్క మాయమయేది అప్పుడే! గూటిలో అది చీలి చీలి వందల కొద్దీ పిల్లలవుతుంది. అవి బయటపడి చేప కోసం ఈదుతూ వెతుకుతవి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే చస్తవి. మందు పనిచేసేది ఈదే ఈ పిల్లల మీదనే.

నీటి వేడి 25 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర వుంటే ఈ కథ అంతా సుమారు వారంలో ముగుస్తుంది. నీరు చల్లబడితే వారాల తరబడి సాగుతుంది. అంటే నేను సరిగ్గా శత్రువు గూట్లో పిల్లలు పెడుతున్న వేళ మందు మానేశానన్నమాట!

మరి ఏం చేయాలి? చుక్క కనబడగానే తొట్టెలో వున్న చేపలన్నిటికీ వైద్యం మొదలుపెట్టాలి. చుక్కలేని చేపకు కూడా మొప్పల్లో జబ్బు దాగి వుండవచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఉప్పు కావాలి. మా తొట్టెలో నీళ్ళు సుమారు 50 లీటర్లు. అంటే 100 గ్రాములు. దాన్ని కరిగించి, మూడు వాయిదాలుగా ఒక రోజంతటి మీద పోయాలి. ఉప్పు పడని మొక్కలు వుంటే ముందుగానే వేరే పాత్రలోకి మార్చాలి.

రెండు రోజులకొకసారి రబ్బరు గొట్టంతో అడుగున వున్న మురికితో పాటు పావువంతు నీరు తీసివేయండి. గూళ్ళు చాలావరకు అక్కడే వుంటవి. కొత్తగా పోసే నీటికి సరిపడా ఉప్పు మాత్రమే కలపాలి. ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు ఉప్పు అక్కరలేదు. ఉప్పు ఆవిరి కాదు గదా!

నీటిని మెల్లగా 28 డిగ్రీల దాకా వేడిచేస్తే పురుగు కథ త్వరగా నడిచి, త్వరగా మందు పాలవుతుంది. ఐతే వేడినీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక గాలి బుడగల యంత్రం ఆపకూడదు. దుకాణపు మందు వాడితే సీసా మీది కొలత దాటవద్దు. ఫిల్టరులో బొగ్గు వుంటే తీసివేయాలి. అది మందును పీల్చేస్తుంది. పొలుసులు లేని చేపలకు మందు ఘాటు తట్టుకునే శక్తి తక్కువ. మలకైట్ గ్రీన్ కలిసిన మందులు విషపూరితమైనవి. పిల్లల చేతికి అందనివ్వకండి.

అన్నిటికన్నా ముఖ్యం: చుక్కలు పోయాక కూడా మరొక వారం, మొత్తం మీద రెండు వారాలకు తగ్గకుండా వైద్యం సాగించాలి.

ఒక్క హెచ్చరిక. ఈడు వచ్చిన మగ బంగారు చేపకు మొప్పల మూతల మీదా, ముందు రెక్కల అంచునా వరుసగా తెల్లని బొడిపెలు వస్తవి. అది జబ్బు కాదు, యౌవనం! తొందరపడి మందు పోయకండి.

జబ్బు రాకుండా చూసుకోవటం వైద్యం కంటే తేలిక. కొత్త చేపను మూడు వారాలు వేరే తొట్టెలో వుంచండి. సంచీ నీళ్ళు పారబోయండి. కొత్త మొక్కలను చేపలు లేని నీటిలో పది రోజులు వుంచండి. వలను ఎండలో బాగా ఎండబెట్టండి. తడి ఆరితే ఈ పురుగు బ్రతకదు. చలిరాత్రుల్లో నీరు హఠాత్తుగా చల్లబడనివ్వకండి. ఈ జబ్బు మనుషులకు అంటదు గాని, తొట్టెలో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవటం మంచిది.

మిగిలిన రెండు చేపలనూ ఇలాగే కాపాడుకున్నాము. ఈ మధ్య మరి రెండు కొన్నాము. అవి ఇప్పుడు పెరటి వసారాలో వేరే తొట్టెలో వున్నవి. అమ్మాయి క్యాలెండరు మీద రోజుకొక గీత గీస్తున్నది. ఇరవై ఒకటో గీత దాకా వాటికి లోపలికి ప్రవేశం లేదు.

మా అమ్మ మాత్రం, "ఉప్పుతోనే నయమయింది కదురా! నేను ఆనాడే చెప్పలేదూ?" అంటున్నది. ఏమని జవాబు చెప్పను?