మీరు రాసింది మీదే



మధ్యాహ్నం ఇంటిపని తెమిలాక, పిల్లలు బడినుంచి వచ్చేలోగా దొరికే కాస్త తీరికలో కథలు, పాటలు, వంటల పుస్తకాలు రాసుకునే గృహిణులు మన విజయవాడ, గుడివాడ, బందరు వైపు చాలామందే ఉన్నారు. ‘‘నేను రాసింది ఇంకెవరైనా తమ పేరుతో వేసుకుంటే?’’ అన్న బెంగ వారికి సహజమే.

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. రిజిస్టరు చేయిస్తేనే హక్కు వస్తుందనుకోకండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, సొంతంగా రాసి కాగితం మీద పెట్టిననాడే హక్కు మీది. మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు అది ఉంటుంది. అయితే గోంగూరపచ్చడి చేసే పద్ధతి మీద హక్కు ఎవరికీ ఉండదు. దాన్ని మీరు వివరించిన మాటలకే రక్షణ.

మరి రిజిస్ట్రేషన్ ఎందుకంటారా? సాక్ష్యం కోసం. మూడుముళ్ళు పడితే పెళ్ళయినట్టే గదా, అయినా రిజిస్టరు చేయించుకోవడం లేదూ? ఇదీ అంతే. రిజిస్టరులో ఉన్న వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది.

దరఖాస్తు న్యూఢిల్లీ ద్వారకలోని కాపీరైటు కార్యాలయానికి చేయాలి. ఇంటర్నెట్ ద్వారానూ పంపవచ్చు. ఫారం 14 నింపి, ఒక్కో రచనకు 500 రూపాయల రుసుము, రెండు ప్రతులు జతచేయాలి. అచ్చుకాని రచననూ రిజిస్టరు చేయించవచ్చు. డైరీ నంబరు ఇచ్చాక, అభ్యంతరాలకోసం 30 రోజులు ఆగుతారు. ఆ తర్వాతే పరిశీలన, సర్టిఫికెట్టు.

రచన అచ్చయిన సంచికను పాతకాగితాలవాడికి వేసేయకండి. 2012లో ‘స్వాతి’లో వచ్చిన తన నవల ‘చచ్చేంత ప్రేమ’ను 2015 నాటి ‘శ్రీమంతుడు’ సినిమాకు వాడుకున్నారని ఆ రచయిత కోర్టుకెక్కారు. 2024లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. ఇలాంటి తగాదాల్లో మొదట ఏ తేదీన అచ్చయిందన్నది ముఖ్యం.

అన్నిటికన్నా జాగ్రత్తపడవలసింది సంతకం దగ్గర. మామూలుగా పత్రికకు కథ పంపినంతమాత్రాన హక్కంతా ఇచ్చేసినట్టు కాదు. రాతపూర్వకంగా, మీ సంతకంతో ఇస్తేనే హక్కు చేతులు మారుతుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్ళకే పరిమితం. ‘అన్ని హక్కులూ, శాశ్వతంగా’ అన్న మాట కనిపిస్తే మాత్రం కలం కింద పెట్టండి. ఇంట్లో నలుగురితో చదివించండి, తెలిసిన వకీలును అడగండి. పాలలెక్క పైసలతో సహా చూసుకునే మనం, మన రాతల లెక్కా చూసుకోవద్దూ?