ఎదిగెడి ఆడపిల్లలకు నృత్యాభ్యాసము

మన యిండ్లలో ఆరేడేండ్ల బాలిక గంతులు వేసినను ఎవ్వరును కాదనరు. ఒప్పులకుప్ప తిరిగినను, చెమ్మచెక్క ఆడినను, సంక్రాంతి దినములలో గొబ్బెమ్మల చుట్టును తిరుగుచు చప్పట్లు చరచినను పెద్దలు చూచి ముచ్చటపడుదురు. ఆ పిల్లకే పండ్రెండు, పదమూడేండ్లు వచ్చునప్పటికి “ఇంక గంతులు చాలు” అను మాట యింటిలో వినవచ్చును. నాటితో ఆట నిలిచిపోవును. పాఠశాల, ట్యూషను, సెల్‌ఫోను, వీని నడుమ దినమంతయు కూర్చుండియే గడచును. ఆట మాన్పించుటకు మనము ఎంచుకొన్న యీ వయస్సే ఆమె దేహమునకు ఆట మిక్కిలి అవసరమైన వయస్సు. ఆ సంగతిని శ్రోతలకు మనవి చేయుటయే మా యుద్దేశము.

ఎముక రాతివలె మార్పు లేని వస్తువు కాదు. దానిపై బరువు పడినప్పుడును, అదురు తగిలినప్పుడును అందలి జీవకణములు కాల్షియము మొదలగు ఖనిజములను పేర్చి దానిని గట్టిపరచును. ఈ కూడబెట్టు పని కౌమారమునందే ముమ్మరముగా సాగి, బాలికలయందు 18వ యేటికి సుమారు నూటికి 90 పాళ్లు ముగియును. ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు క్రమముగా పలుచబడును. నాడు తుంటి విరుగుట, వెన్నుపూసలు క్రుంగుట అను బాధలను తగ్గించుటకు తోడ్పడునది చిన్ననాట కూడబెట్టిన యీ నిలువయే. పాదముతో నేలను తట్టునప్పుడు, అరమండిలో నిలిచినప్పుడు, ఎగిరి దిగునప్పుడు ఎముకకు కావలసిన బరువును అదురును లభించును.

కండరములు కదలునప్పుడు రక్తములోని చక్కెరను గ్రహించి ఖర్చుచేయును. ఒకనాడు నడివయస్సువారి జబ్బుగా ఎన్నబడిన రెండవ రకపు మధుమేహము నేడు కౌమారమునందును కనబడుచున్నది. గుండెయు ఊపిరితిత్తులును బలపడుట, రక్తపుపోటు అదుపులో నుండుట కూడ ఈ కదలికవలన కలుగు లాభములు.

5 మొదలు 17 ఏండ్ల వరకు గలవారు దినమునకు సగటున 60 నిమిషములైనను ఊపిరి వేగము హెచ్చునట్లు దేహశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ సంస్థవారు 146 దేశముల లెక్కలను పరిశీలించి 2019లో ప్రకటించిన దానినిబట్టి, 2016 నాటికి 11-17 ఏండ్ల బాలురలో నూటికి 78 మందియు, బాలికలలో నూటికి 85 మందియు ఈ కొలతను అందుకొనలేదు. బాలికలకు ఆటస్థలము దూరము. ప్రొద్దు గ్రుంకిన పిదప బయటికి పంపుటకు తల్లిదండ్రులకు జంకు. నృత్యమునకు మైదానము అక్కరలేదు. చాప చుట్టి ప్రక్కన బెట్టిన నడవలోని చోటు చాలును.

ఎదిగిన ఆడపిల్ల ఆడుట మన సంప్రదాయము కాదని కొందరందురు. కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామమున ఆ నృత్యము పూర్వము పురుషుల సొత్తుగా నుండినమాట నిజమే. సత్యభామ వేషమునకు వేదాంతం సత్యనారాయణ శర్మగారే పేరుగాంచిరి. కాని సంప్రదాయము కదలక నిలిచిపోలేదు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి ఎందరో బాలికలకు శిక్షణ నిచ్చిరి. ఇక తెలంగాణమున బతుకమ్మ చుట్టును, అరకులోయలో థింసా వరుసలోను తల్లులును కూతుళ్లును కలిసియే అడుగు వేయుదురు.

అయితే నృత్యమను పేరు చాలదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతమున 18 పాఠశాలలను ఎన్నుకొని, కొన్నింట 11, 12 ఏండ్ల బాలికలకు వారమునకు రెండుమార్లు, 20 వారములపాటు నృత్యము నేర్పిరి. 2015లో వెలువడిన ఫలితములలో వారి దినసరి శ్రమ పెరిగినట్లు కనబడలేదు. తరగతులకు పెక్కుమంది సరిగా రాలేదు కూడ. స్వీడనులో తరచు తలనొప్పి, కడుపునొప్పి, దిగులు, అలసటలతో బాధపడుచున్న 13-18 ఏండ్ల బాలికలను 112 మందిని తీసికొని, కొందరికి 8 నెలలు నృత్యము నేర్పిరి. అచ్చట ఒత్తిడి లేక సంతోషమే ప్రధానముగా నుండెను. వారి ఆరోగ్యము వారికే మెరుగుగా తోచినది. శిక్షణ ముగిసిన తరువాతను ఆ మెరుగు నిలిచినది. ఈ రెంటినిబట్టి మేము గ్రహించినది ఇది: వారమున రెండు తరగతులతో సరిపుచ్చరాదు, ఇంటిలో ప్రతిదినము ఆడవలెను; ఆ ఆట పిల్లకు ఇష్టమైనదై యుండవలెను.

దినమునకు అరగంట నృత్యమునకు కేటాయింపుడు. తక్కిన అరగంట నడక, సైకిలు, బడిలోని ఆటలవలన సమకూరును. మొదట ఐదు నిమిషములు మెల్లగా కదలి దేహమును వేడెక్కనీయవలెను. పిదప ఇరువది నిమిషములు మాటలాడుటకు వీలై, పాడుటకు వీలుకానంత చురుకుగా ఆడవలెను. కడపటి ఐదు నిమిషములు నెమ్మదించవలెను. గట్టి సిమెంటు నేలపై ఎక్కువసేపు పాదము తట్టినచో పిక్కయెముక నొప్పిపెట్టును. అరమండిలో మోకాళ్లు పాదముల వ్రేళ్ల దిక్కుననే యుండవలెను. బహిష్టు దినములలో నొప్పి లేనిచో ఆట మానవలసిన పనిలేదు.

ఆహారము లేని వ్యాయామము చేటు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. నృత్యము దానిని మాన్పలేదు. ఆకుకూరలు, పప్పులు, రాగులు, వీలైనచో గ్రుడ్లు, మాంసము పెట్టవలెను. భోజనముతో నిమ్మరసమో జామపండో ఉన్నచో ఇనుపధాతువు బాగుగా ఒంటబట్టును. సన్నబడుటకై పస్తులుండనీయకుడు. కడుపు మాడ్చుకొని ఆడు పిల్లకు ముట్లు ఆగుటయు, ఎముకలు పలుచబడుటయు కలదు. మెట్లెక్కినంతనే ఆయాసపడు పిల్లను ముందుగా వైద్యునికి చూపవలెను.

రేడియో గల యింటికి వాద్యబృందమును వెదకికొనవలసిన పనిలేదు. సాయంకాలము పాట వినవచ్చునప్పుడు స్వరమును కొంచెము హెచ్చింపుడు. తల్లియు రెండడుగులు కలిపినచో మరియు మంచిది. పిల్ల పాదము తాళము వేయుట వినబడినప్పుడు “ఇంక చాలు” అనకుడు.