నేల మీద పెరిగే కోళ్లకు టీకా: అపోహలు – వాస్తవాలు

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల్లో కోళ్లు చనిపోయింది బర్డ్ ఫ్లూతోనేనని భోపాల్ ప్రయోగశాల తేల్చింది. ఆ తర్వాత పాలకొల్లు వైపు కూడా కొబ్బరితోటల్లో, ఊక పరిచిన షెడ్లలో కోళ్లు పెంచేవారి నోట టీకా మాట మరింత వినిపిస్తోంది. దానితోపాటే కొన్ని తప్పుడు నమ్మకాలూ పాకుతున్నాయి.

అపోహ: కొక్కెర రోగానికి టీకా వేశాం కాబట్టి బర్డ్ ఫ్లూ రాదు.

వాస్తవం: రెండూ వేర్వేరు వైరస్‌లు. రాణీఖేత్ అని పిలిచే కొక్కెర రోగానికి వేసిన టీకా బర్డ్ ఫ్లూను ఆపదు. అడవి పక్షుల్ని, బయటివాళ్ల చెప్పుల్ని, వేరే ఫారం నుంచి వచ్చిన గుడ్ల ట్రేలను షెడ్డులోకి రానివ్వకపోవడమే బర్డ్ ఫ్లూ నుంచి రక్షణ.

అపోహ: పంజరాలు లేని చోట వేల కోళ్లకు సూది వేయాలంటే తరిమి పట్టుకోక తప్పదు.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. తరిమితే కోళ్లు మూలకు పరుగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. తెల్లారి వాటిని చూసి టీకా వికటించిందనుకుంటాం. మే నెల ఉక్కపోతలో పగటిపూట పట్టుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

కోడికి మసక వెలుతురులో చూపు సరిగా ఆనదు, అందుకే అప్పుడు కదలదు. రాత్రిగానీ తెల్లవారకముందుగానీ దీపాలు తగ్గించి పని మొదలుపెట్టండి. మూలలకు అట్టలు గుండ్రంగా అడ్డుపెట్టండి. మీ మనుషులు త్వరగా ముగించగలిగినన్ని కోళ్లనే వలతో విడదీయండి. రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకోవాలి, ఒంటికాలు పట్టి తలకిందులుగా వేలాడదీయకూడదు. మనకున్నట్టు కోడికి ఉదర వితానం ఉండదు, ఆ భంగిమలో ఊపిరి తీయడం కష్టం. సూది వేశాక విసరకుండా కాళ్ల మీద నిలబడేలా దించండి. పిల్లల వయసు నుంచే రోజూ వాటి మధ్య నెమ్మదిగా తిరిగితే మనిషంటే బెదురు తగ్గుతుంది. ఈ అలవాటును మించిన ఉపకరణం లేదని నా నమ్మకం.

అపోహ: కొక్కెర రోగానికి ఇచ్చే లసోటా టీకాను నీళ్లలో కలిపేస్తే అన్నీ తాగేస్తాయి, పట్టుకునే బాధే లేదు.

వాస్తవం: బాధ లేకపోవచ్చు, కానీ జాగ్రత్త కావాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీరు టీకా వైరస్‌ను చంపేస్తుంది. శుభ్రమైన నీటిలో ముందుగా లీటరుకు సుమారు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపాలి. గంట, రెండు గంటలు నీళ్లు ఆపి దాహం పెంచాలి. ఎండాకాలంలో ఆ సమయం తగ్గించాలి. చల్లటి పొద్దున రెండు గంటల్లో తాగి ముగించేలా పెట్టాలి. తాగే తొట్లు సరిపోకపోతే బలహీనమైన కోళ్లకు చుక్క కూడా అందదు.

అపోహ: నీరసపడ్డ కోడికి టీకా వేస్తే తేరుకుంటుంది.

వాస్తవం: టీకా మందు కాదు. జబ్బుపడ్డ మందకు వేయకూడదు. గుడ్లు పెడుతున్న పెట్టలకు కొక్కెర రోగపు ఆర్2బి టీకా వేస్తే దిగుబడి పడిపోతుంది.

టీకా తేదీని ముందే పశువైద్యుడితో మాట్లాడి పెట్టుకోండి. సీసాను ఫారం దాకా ఐసుపెట్టెలోనే తెచ్చుకోండి, దాని మీది బ్యాచ్ నంబరు రాసి ఉంచుకోండి.